అమ్మమ్మ తెనాలిలో, మనవడు అమెరికా సైన్యంలో: సెక్యూరిటీ క్లియరెన్స్ దగ్గర బంధుత్వాన్ని ఎలా తూస్తారు?

క్లుప్తంగా: అమెరికా సైన్యంలో చేరడానికి ఒక అర్హత, అక్కడి రహస్య సమాచారం చూడడానికి మరో అర్హత కావాలి. ఈ రెండోదే సెక్యూరిటీ క్లియరెన్స్. విదేశాల్లో బంధువులు ఉన్నంత మాత్రాన అది ఆగిపోదు. ఆ బంధువులను అడ్డం పెట్టుకుని ఎవరైనా అభ్యర్థిని లొంగదీయగలరా అన్నది చూస్తారు. భారత్‌లో కుటుంబం ఉన్నవారికి క్లియరెన్స్ దొరకడం అరుదేమీ కాదు. బంధువుల పేర్లో, ఆస్తులో ఫారంలో వదిలేసినప్పుడే చిక్కు ముదురుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల రెండో తరం ఇప్పుడు ఉద్యోగాల వయసుకు వస్తోంది. ఎక్కువమంది ఐటీ, వైద్యం వైపే వెళ్తున్నా కొందరు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వైపు చూస్తున్నారు. రిక్రూటర్ దగ్గర కూర్చోగానే "ఈ పనికి సీక్రెట్ క్లియరెన్స్ కావాలి" అన్న మాట వినిపిస్తుంది. ఇంట్లో టెన్షన్ అక్కడ మొదలవుతుంది. తాతయ్య ఇండియన్ ఆర్మీలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. బాబాయి హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ ల్యాబులో పనిచేస్తున్నాడు. నాన్న పేరున ఊళ్లో రెండెకరాల మాగాణి ఉంది. ఇవన్నీ చెబితే అవకాశం పోతుందేమోనని ఒక భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. తెలిసినవాళ్లను అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఆ మాటల్లో సగం 2017కు ముందున్న నియమాల గురించి, మిగతా సగం వేరే దేశాలవాళ్ల అనుభవాల గురించి.

మూడు గుమ్మాలు, మూడు తాళాలు

సైన్యంలో చేరడం, పౌరసత్వం పొందడం, క్లియరెన్స్ తెచ్చుకోవడం మూడూ వేర్వేరు పనులు. సిపాయిగా చేరడానికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు, గ్రీన్ కార్డు చాలు. ఆఫీసర్ కావాలంటే మాత్రం పౌరుడై ఉండాలి. హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉన్నవారికి ప్రస్తుతం సైన్యంలోకి దారి లేదు.

క్లియరెన్స్ విషయం ఇంకా కచ్చితం. 1995 ఆగస్టులో అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన 12968వ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ప్రకారం ఆ అర్హత అమెరికా పౌరులకే. పౌరులు కానివారి ప్రత్యేక నైపుణ్యం తప్పనిసరైనప్పుడు ఇచ్చే పరిమిత అనుమతి ఒకటి ఉంది గానీ అది చాలా అరుదు, దాన్ని క్లియరెన్స్‌గా లెక్కించరు. అందుకే గ్రీన్ కార్డుతో చేరినవాడికి వంటశాల, రవాణా, వాహనాల రిపేరు వంటి విభాగాల్లో చోటు దొరుకుతుంది. ఇంటెలిజెన్స్ వంటివి పౌరసత్వం వచ్చేదాకా తలుపు తీయవు.

క్లియరెన్స్‌లో మూడు మెట్లున్నాయి: కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్. సమాచారం బయటికి పొక్కితే దేశ భద్రతకు జరిగే నష్టం ఎంత పెద్దదన్న దాన్నిబట్టి ఈ మెట్లు ఏర్పడ్డాయి. టాప్ సీక్రెట్ పైన, నిఘా వర్గాల సమాచారానికి ఎస్‌సీఐ అనే ఇంకో అర ఉంటుంది.

ఇంకో సంగతి. ఎవరికి వారు క్లియరెన్స్‌కు అప్లై చేసుకోవడం కుదరదు. ఆ పని అవసరమున్న సైనిక విభాగమో, ప్రభుత్వ సంస్థో, దాని కాంట్రాక్టరో అడగాలి. ఖర్చు ప్రభుత్వానిది. డబ్బు కడితే క్లియరెన్స్ ఇప్పిస్తామని ఏ కన్సల్టెన్సీ చెప్పినా అక్కడి నుంచి లేచి రావడమే మేలు.

నియమానికి ఉన్న భయం ఏమిటి?

ఇప్పుడు అమల్లో ఉన్న కొలమానాలు సీడ్-4 అనే ఆదేశంలో ఉన్నాయి. 2016 డిసెంబరులో జారీ అయి, 2017 జూన్ 8 నుంచి అమల్లోకి వచ్చింది. ఎ నుంచి ఎం వరకు 13 అంశాలు. అప్పులు, మద్యం, మత్తు పదార్థాలు, నేర చరిత్ర, కంప్యూటర్ల దుర్వినియోగం అన్నీ అందులో ఉన్నాయి. విదేశీ బంధుత్వాలు 'బి' కిందికి వస్తాయి, దాని పేరు విదేశీ ప్రభావం. పక్కనే ఉన్న 'సి' విదేశం వైపు మొగ్గు గురించి. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్ల చాలా అపోహలు పుట్టాయి. అమ్మమ్మ తెనాలిలో ఉండడం 'బి' కిందికి వచ్చే సంగతి. అమెరికా పౌరుడై ఉండి వేరే దేశ పౌరుడిలా నడుచుకోవడం 'సి' కిందికి వచ్చే సంగతి.

'బి' వెనకున్న భయం రెండు రకాలు. మనసు రెండు దేశాల మధ్య చీలిపోవడం ఒకటి. అభ్యర్థి ఎంత నిజాయితీపరుడైనా, అతనికి కావలసినవాళ్లు వేరే ప్రభుత్వం గుప్పిట్లో ఉండడం రెండోది. అధికారులు ఎక్కువ తలపట్టుకునేది ఈ రెండోదాని గురించే. అమ్మ పెన్షన్ ఆపుతామని, తమ్ముడి మీద కేసు పెడతామని, చెల్లెలి పాస్‌పోర్టు లాక్కుంటామని ఎవరైనా కబురు పంపితే అప్పుడు ఆ సైనికుడు ఏం చేస్తాడు? అతను ఇప్పటిదాకా ఏ తప్పూ చేయలేదన్నది ఈ ప్రశ్నకు జవాబు కాదు. ఇది గతానికి వేసే శిక్ష కాదు గనక, రేపటి గురించిన అంచనా గనక, "మావాళ్లు చాలా మంచివాళ్లండీ" అన్న మాట ఇక్కడ పెద్దగా పనికిరాదు.

అంచనా మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఆ దేశ ప్రభుత్వానికి అలాంటి పని చేసే అలవాటు ఉందా, ఆ బంధువు దానికి చిక్కే స్థితిలో ఉన్నాడా, అభ్యర్థికి ఆ బంధువు ఎంత దగ్గర. మూడూ బలంగా ఉంటే ప్రమాదం పెరుగుతుంది, ఏదో ఒకటి బాగా బలహీనపడితే మిగతావి ఉన్నా తగ్గుతుంది. త్రాసులో రెండో పళ్లెం కూడా ఉంది. అభ్యర్థికి అమెరికాలో ఎంత లోతుగా వేళ్లు దిగాయో అందులో వేస్తారు. ఎన్నేళ్లుగా ఉంటున్నాడు, చదువెక్కడ, ఇల్లెక్కడ, భార్యాపిల్లల పౌరసత్వం ఏది, ఇప్పటికే ఎన్నేళ్లు సైన్యంలో చేశాడు అన్నవి. ఇక్కడే పుట్టి పెరిగినవాడికీ, అయిదేళ్ల క్రితం ఎంఎస్‌కు వచ్చినవాడికీ బంధువులు సమానంగానే ఉన్నా ఫలితం వేరుగా రావడానికి కారణం ఈ పళ్లెమే.

అయితే త్రాసు మొదటి నుంచే ఒకవైపు కాస్త వాలి ఉంటుంది. క్రిమినల్ కోర్టులో అనుమానం ఉంటే లాభం ముద్దాయికి పోతుంది. ఇక్కడ అనుమానం ఉంటే లాభం దేశ భద్రతకు పోతుంది, ఆ మాట 12968వ ఆర్డర్‌లోనే ఉంది. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లో నేవీ వర్సెస్ ఈగన్ కేసులో తేల్చేసింది. అప్పటి నుంచి ఇచ్చారా లేదా అన్న నిర్ణయంలోని మంచిచెడులను కోర్టులు దాదాపుగా ముట్టుకోవు. పుట్టిన దేశాన్నిబట్టి వివక్ష చూపకూడదని అదే 12968వ ఆర్డర్ చెబుతుంది. పుట్టిన దేశంలో ఎవరెవరు ఉన్నారన్నది మాత్రం సీడ్-4 చూడమంటుంది. కాగితం మీద ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగానే ఉంది. అభ్యర్థి కుర్చీలో కూర్చున్నవాడికి అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు.

ఫారంలోని బంధువులు, మన ఇంట్లోని బంధువులు

ఈ విచారణంతా ఎస్‌ఎఫ్-86 అనే ఫారంతో మొదలవుతుంది. వంద పేజీలు దాటిన ఈ ఫారాన్ని ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే నింపుతారు. బంధువుల సంగతి ముఖ్యంగా 17, 18, 19 సెక్షన్లలో వస్తుంది. పదిహేడులో భార్య లేదా భర్త, కలిసి ఉంటున్నవారు. పద్దెనిమిదిలో తల్లి, తండ్రి, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, సవతి వరసలు, అత్తమామలు. వీళ్లతో మాట్లాడినా మాట్లాడకపోయినా రాయాల్సిందే. చనిపోయినవారిని కూడా చేర్చాలి.

తెలుగువాళ్లకు తిరకాసు ఇక్కడే. తెలుగింట్లో పెదనాన్న కొడుకు అన్నయ్యే, పిన్ని కూతురు చెల్లెలే. ఫారం దృష్టిలో వాళ్లు 18వ సెక్షన్ కిందికి రారు. అలాగే పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ కూడా ఆ జాబితాలో లేరు. బావమరిది, మరదలు, వియ్యాలవారు కూడా లేరు. జాబితాలో లేరు గదా అని అంతటితో వదిలేస్తే తప్పు. వాళ్లు 19వ సెక్షన్‌లో పట్టుబడతారు. గత ఏడేళ్లలో అభిమానంతోనో, బాధ్యతతోనో, ఒకరి మాట ఒకరు వినేంత చనువుతోనో దగ్గరగా మెలిగిన, లేదా ఇప్పటికీ మెలుగుతున్న విదేశీ పౌరులందరినీ ఆ సెక్షన్ అడుగుతుంది. వారంవారం వీడియో కాల్ చేసే అమ్మమ్మ అందులోకి వస్తుంది. చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మేనమామ వస్తాడు. ఎప్పుడో పెళ్లిలో ఒకసారి పలకరించిన దూరపు బాబాయి రాడు. రెండొందల మంది ఉన్న ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరూ దగ్గరివారు కారు, ఆ గ్రూపులో పండక్కి దండం బొమ్మ పెట్టినంత మాత్రాన దగ్గరివారు అయిపోరు. అందులోంచి విడిగా ఫోన్ చేసే నలుగురైదుగురు మాత్రం అవుతారు.

తూకంలో వావివరసల లోతు ఇంకోచోట కూడా కనిపిస్తుంది. భార్య తరఫు, భర్త తరఫు దగ్గరి బంధువుల మీద కూడా అభ్యర్థికి మమకారం ఉంటుందనే క్లియరెన్స్ అప్పీళ్ల బోర్డు ముందుగా అనుకుంటుంది. లేదని చూపించాల్సింది అభ్యర్థే. అత్తారింటితో మాటల్లేవని నిరూపించడం అంత తేలికేమీ కాదు.

పేర్లు, తేదీల గొడవ వేరే. ఇంటిపేరు ముందుంటుంది, కొన్ని పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పెళ్లయ్యాక అమ్మ ఇంటిపేరు మారి ఉంటుంది, ఒకే పేరుకు మూడు స్పెల్లింగులు ఉంటాయి. వాడుకలో ఉన్న వేరే పేర్లు రాయడానికి ఫారంలో చోటుంది. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టర్ వేసిన పుట్టిన తేదీ ఒకటి, అసలు తేదీ ఇంకొకటి ఉన్న తల్లిదండ్రులు లెక్కలేనంతమంది. కచ్చితంగా తెలియనప్పుడు అంచనా అని టిక్ పెట్టడానికి గడి ఉంది. సర్టిఫికెట్‌లోని తేదీ వేసి, అసలు తేదీ వేరని వివరణలో ఒక ముక్క రాస్తే సరిపోతుంది. ఇలాంటి తేడాలు ఇన్వెస్టిగేటర్లకు కొత్తవేం కావు.

ప్రతి విదేశీ బంధువు గురించీ ఏ పనిచేస్తారు, ఎంత తరచుగా మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు అని అడుగుతారు. ఆ బంధువుకు విదేశీ ప్రభుత్వంతో, సైన్యంతో, రక్షణ పరిశ్రమతో, నిఘా సంస్థతో సంబంధం ఉందా అని విడిగా ఇంకో ప్రశ్న ఉంటుంది. తెలుగు రాష్ట్రాల కుటుంబాల్లో ఈ గడి ఖాళీగా ఉండడం కష్టం. జడ్పీ హైస్కూల్ టీచరు ప్రభుత్వ ఉద్యోగే, ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ కండక్టరూ అంతే. హైదరాబాద్‌లో డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్, ఈసీఐఎల్ ఉన్నాయి, విశాఖలో తూర్పు నౌకాదళ కమాండ్ ఉంది. రిటైరైన టీచరు తాలూకు బరువు పళ్లెంలో దాదాపు ఏమీ ఉండదు. క్షిపణి ల్యాబులో ఇప్పుడు పనిచేస్తున్న సొంత అన్న తాలూకు బరువు తప్పక ఉంటుంది. అదైనా, వాళ్లిద్దరూ పని గురించి మాట్లాడుకోరని, ఆ అన్న ఎప్పుడూ అలాంటి ప్రశ్నలు అడగలేదని వివరించుకునే అవకాశం ఉంటుంది.

తనిఖీ ఊళ్లోకి వచ్చి జరుగుతుందన్న భయం కొందరికి ఉంది. సాధారణంగా ఎవరూ వచ్చి తలుపు తట్టరు. సీక్రెట్ స్థాయికి విచారణ చాలావరకు రికార్డుల మీదే నడుస్తుంది. టాప్ సీక్రెట్ అయితే అమెరికాలోని పొరుగువాళ్లను, పాత యజమానులను, స్నేహితులను కలుస్తారు. విదేశీ బంధాలు ఉన్నప్పుడు అభ్యర్థితో ముఖాముఖి ఇంటర్వ్యూ ఉండే అవకాశం ఎక్కువ.

ఏ దేశం అన్నది ఎంత తేడా తెస్తుంది?

చాలా తేడా తెస్తుంది. ఆ దేశ ప్రభుత్వ స్వభావం, అమెరికాతో దాని సంబంధాలు, మానవ హక్కుల విషయంలో దాని చరిత్ర, అమెరికా రహస్యాల కోసం అది గూఢచర్యం చేస్తుందా లేదా అన్నవి చూస్తారు. చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా, క్యూబా వంటి చోట్ల దగ్గరి బంధువులుంటే నిరూపణ భారం చాలా ఎక్కువని అప్పీళ్ల బోర్డు ఎన్నోసార్లు రాసింది.

భారత్ ఆ వరుసలో లేదు. 2016లో అమెరికా భారత్‌ను ప్రధాన రక్షణ భాగస్వామిగా గుర్తించింది. ఆ ఏడాది లెమోవా, 2018లో కామ్‌కాసా, 2020లో బెకా అనే రక్షణ ఒప్పందాలు కుదిరాయి. పౌరులను హింసించి వాళ్ల బంధువుల ద్వారా రహస్యాలు లాగే ప్రభుత్వమన్న పేరు భారత్‌కు లేదు. అంతమాత్రాన మిత్రదేశమని పళ్లెం ఖాళీగా వదలరు. స్నేహదేశాల ప్రయోజనాలు కూడా ఒక్కోచోట అమెరికాతో ఢీకొంటాయన్నది ఈ వ్యవస్థలో పాత పాఠం. నేవీ ఇంటెలిజెన్స్ విశ్లేషకుడు జొనాథన్ పొలార్డ్ 1985లో పట్టుబడింది మిత్రదేశమైన ఇజ్రాయెల్‌కు రహస్యాలు చేరవేసినందుకు. భారత్ విషయంలో కూడా రష్యాతో 2018లో కుదిరిన ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొనుగోలు ఒప్పందం, అమెరికా గడ్డ మీద ఒక సిక్కు వేర్పాటువాద నేతను చంపించే కుట్ర జరిగిందంటూ 2023 నవంబరులో అమెరికా న్యాయశాఖ మోపిన కేసు వంటివి రెండు దేశాల మధ్య గీతలు గీశాయి. సంబంధాల వాతావరణం మారినప్పుడు తెనాలి అమ్మమ్మ మారదు, ఆమె పేరు మీద వేసే బరువు కాస్త అటూఇటూ కావచ్చు.

భారత్‌లో కుటుంబం ఉన్నవారి కేసుల్లో అమెరికా రక్షణశాఖ విచారణ, అప్పీళ్ల కార్యాలయం డోహా ఇచ్చిన తీర్పులు పేర్లు తీసేసి బయట పెడుతుంటారు. గెలిచినవాళ్ల కథల్లో కొన్ని పోలికలు మళ్లీమళ్లీ వస్తాయి: అమెరికాలో చాలా ఏళ్లుగా ఉండడం, సొంత ఇల్లు, ఇక్కడే పుట్టిన పిల్లలు, భారత్‌లోని తల్లిదండ్రులు రిటైరై ప్రశాంతంగా ఉండడం, అక్కడి ఆస్తి ఇక్కడి ఆస్తిలో చిన్న వంతు కావడం.

అసలు గూఢచారుల చరిత్ర చూస్తే విదేశీ బంధుత్వం ఎంతవరకు సరైన గుర్తు అన్న ప్రశ్న కూడా వస్తుంది. 1994లో దొరికిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్, 2001లో దొరికిన ఎఫ్‌బీఐ ఏజెంట్ రాబర్ట్ హాన్సెన్ ఇద్దరూ అమెరికాలో పుట్టిన అమెరికన్లే. రష్యన్లు ఇచ్చిన డబ్బు వాళ్ల కథల్లో పెద్ద పాత్ర వహించింది, రష్యాలో ఉన్న బంధువులు కాదు. రెండో వైపు ఉదాహరణ కూడా ఉంది. యూఎస్‌ఎస్ ఎసెక్స్ నౌకలో పనిచేస్తూ 2023 ఆగస్టులో అరెస్టయి, 2025లో దోషిగా తేలిన నావికుడు జిన్‌చావో వెయ్ చైనాలో పుట్టి అమెరికా పౌరసత్వం పొందినవాడు. చైనా గూఢచారితో సంబంధం కొనసాగించమని తల్లే అతన్ని ప్రోత్సహించిందని ప్రాసిక్యూటర్లు కోర్టులో చెప్పారు. 'బి' నియమం భయపడేది సరిగ్గా ఇలాంటి కథకే. అప్పులు, జీవనశైలి చూసే నియమాలు వేరే ఉన్నది ఏమ్స్ లాంటివారి కోసం.

పొలం, ఖాతా, వాటా

బంధువుల తర్వాత ఎక్కువ తప్పులు దొర్లేది ఆస్తుల దగ్గర. విదేశంలో స్థిరాస్తి ఉందా అని అడిగి ఊరుకోరు. ముందుముందు వస్తుందని అనుకుంటున్నారా అని కూడా అడుగుతారు. నాన్న తర్వాత రావాల్సిన వాటా, తాతయ్య వీలునామాలో రాసిన ఇంటి స్థలం దీని కిందికి వస్తాయి. "నా పేరున ఏమీ లేదు" అని రాసేసి, తర్వాత ఇంటర్వ్యూలో పొలం సంగతి బయటపడితే అబద్ధం కాకపోయినా అబద్ధంలా కనిపిస్తుంది. విదేశీ పౌరులకు డబ్బు సాయం చేశారా అన్న ప్రశ్న కూడా ఉంది. అమ్మకు నెలనెలా పంపే డబ్బు, చెల్లెలి పెళ్లికి ఇచ్చింది అందులోకి వస్తాయి. తల్లిదండ్రులకు పంపడం తప్పని ఎవరూ అనరు. ఎంత పంపుతున్నారన్నది మాత్రం లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే మొత్తం పెరిగే కొద్దీ అక్కడి బాధ్యత ఎంత బలమైందో తెలుస్తుంది.

బ్యాంకు ఖాతాలది ఇంకో మెలిక. భారత్‌లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ట్రెజరీకి ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. చాలామందికి ఈ సంగతి క్లియరెన్స్ ఫారం నింపేటప్పుడే గుర్తొస్తుంది. అప్పుడు విదేశీ ప్రభావం కింద చిన్నదిగా ఉన్న ఖాతా, పన్ను నియమాలు పాటించలేదన్న ఆర్థిక అంశం కింద పెద్దదవుతుంది. ముందే ట్యాక్స్ నిపుణుడి దగ్గరికి వెళ్లి సరిచేసుకున్నవాళ్లకు ఈ బాధ ఉండదు.

నియమాలు ఎటు కదిలాయి?

2008 దాకా టాప్ సీక్రెట్ పైనుండే ఎస్‌సీఐ అనుమతికి దగ్గరి కుటుంబ సభ్యులు కూడా అమెరికా పౌరులై ఉండాలన్నది మామూలు నియమం, దానికి మినహాయింపు ప్రత్యేకంగా అడగాల్సి వచ్చేది. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత నిఘా సంస్థలకు అరబిక్, పష్తో, ఉర్దూ వచ్చినవాళ్లు కరువయ్యారు. ఆ భాషలు వచ్చినవాళ్లకే విదేశాల్లో బంధువులున్నారు. 2008లో ఆ నియమాన్ని సడలించి, ఒక్కొక్కరి ప్రమాదాన్ని విడిగా తూచే పద్ధతి తెచ్చారు. అవసరమే ఇక్కడ నియమాన్ని వంచింది.

పాస్‌పోర్టు విషయంలోనూ అంతే. 2017కు ముందు వేరే దేశపు పాస్‌పోర్టు దగ్గరుంటే దాన్ని అప్పగించడమో, నాశనం చేయడమో చేయాల్సి వచ్చేది. సీడ్-4 వచ్చాక ద్వంద్వ పౌరసత్వం దానికదే అడ్డంకి కాదు. దాన్ని దాచడం, అమెరికా సరిహద్దు దాటడానికి వాడడం వంటివి అడ్డంకి. భారతీయులకు ఈ మార్పు పెద్దగా తగలదు. వేరే పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుందని 1955 పౌరసత్వ చట్టం చెబుతోంది. పాత భారతీయ పాస్‌పోర్టును అప్పగించకుండా బీరువాలో పెట్టుకున్నవాళ్లు మాత్రం ముందు ఆ పని చూసుకోవాలి.

తలుపు తెరిచి మళ్లీ మూసిన కథ మావ్నీది. 2009లో మొదలైన ఈ పథకం గ్రీన్ కార్డు కూడా లేని విదేశీయులను, అరుదైన భాషో, వైద్య నైపుణ్యమో ఉంటే సైన్యంలోకి తీసుకుని త్వరగా పౌరసత్వం ఇచ్చింది. ఆ భాషల జాబితాలో తెలుగు కూడా చోటు చేసుకుంది. 10,000 మందికి పైగా దీని ద్వారా చేరారు. 2016లో భద్రతా తనిఖీలు ఒక్కసారిగా కఠినం చేసి కొత్త చేరికలు ఆపేశారు. అప్పటికే సంతకాలు చేసిన వేలమంది ఏళ్ల తరబడి ఎదురుచూశారు, కొందరి వీసా గడువులు ఈలోగా తీరిపోయాయి. కోర్టు కేసులు నడిచాయి. 2017 అక్టోబరులో గ్రీన్ కార్డువాళ్లకు కూడా శిక్షణకు వెళ్లేముందే తనిఖీ పూర్తవ్వాలన్న నియమం వచ్చింది. భాష కోసం పిలిచి, ఆ భాష మాట్లాడే బంధువులు ఉన్నారని ఆపడం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద వైరుధ్యం.

దాచితే ఏమవుతుంది?

బంధువు పేరు వదిలేయడం 'బి' కిందికి రాదు. అది 'ఇ' కిందికి, అంటే వ్యక్తిగత ప్రవర్తన కిందికి పోతుంది. 'బి' కింద ఇల్లు, పిల్లలు, సేవ అన్నీ చూపి బరువు తగ్గించుకోవచ్చు. అబద్ధం చెప్పాడని ఒకసారి తేలాక చూపించడానికి పెద్దగా ఏమీ మిగలదు. కావాలని తప్పుడు సమాచారం ఇవ్వడం అమెరికా చట్టంలో అయిదేళ్ల వరకు జైలు పడగల నేరం కూడా. వీసా ఫారంలో, గ్రీన్ కార్డు ఫారంలో, ఇప్పటి ఫారంలో రాసినవి ఒకదానితో ఒకటి సరిచూస్తారన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. పొరపాటున వదిలేసిన పేరును గుర్తురాగానే, అవతలివాళ్లు అడగకముందే చెప్పి దిద్దుకుంటే దాన్ని మంచిగానే తీసుకుంటారు.

దాచేవాళ్లు చాలామంది చెడు ఉద్దేశంతో దాచరు. ఇండియన్ ఆర్మీ మేనమామ పేరు రాస్తే పని చెడుతుందని ఎవరో చెప్పిన మాట విని వదిలేస్తారు. అలా రాసి ఉంటే నాలుగు ప్రశ్నలతో పోయేది, రాయకపోవడంతో కెరీర్‌కే ముప్పు తెచ్చుకుంటారు.

చేతికొచ్చాక

ఇదివరకు సీక్రెట్‌కు పదేళ్లకు, టాప్ సీక్రెట్‌కు అయిదేళ్లకు ఒకసారి మళ్లీ విచారణ జరిగేది. ఇప్పుడు నిరంతర తనిఖీ నడుస్తోంది. అరెస్టులు, అప్పుల రికార్డులు కంప్యూటర్లు ఎప్పటికప్పుడు చూస్తుంటాయి. 2017 నుంచి అమల్లో ఉన్న సీడ్-3 ప్రకారం విదేశీ ప్రయాణం ముందే చెప్పాలి, మమకారంతో కూడిన కొత్త విదేశీ పరిచయాలు చెప్పాలి. విజయవాడలో పెళ్లిచూపులు చూసి వచ్చినంతలో ఏమీ కాదు. సంబంధం కుదిరి, ఆ అమ్మాయితో రోజూ ఫోన్‌లో మాట్లాడడం మొదలైతే మాత్రం సెక్యూరిటీ ఆఫీసరుకు చెప్పాల్సిన సమయం వచ్చినట్టే. ముహూర్తం పెట్టుకున్నాక చెప్పడం కంటే ముందు చెప్పడం నయం.

బ్రిటన్‌లో ఈ తూకం కాస్త వేరుగా ఉంటుంది. అక్కడ బంధువులతో పాటు దేశంలో ఎన్నేళ్లు ఉన్నారన్నది మొదటి జల్లెడ. మధ్యస్థాయి తనిఖీకి మామూలుగా అయిదేళ్లు, పైస్థాయికి పదేళ్ల నివాసం చూస్తారు. ఆస్ట్రేలియా క్లియరెన్స్‌కు పౌరసత్వం అడుగుతూనే, మనుషులు చాలక 2024 జూలై నుంచి న్యూజిలాండ్‌వాళ్లకు, 2025 నుంచి అమెరికా, బ్రిటన్, కెనడా పౌరులైన శాశ్వత నివాసులకు సైన్యం తలుపు తెరిచింది.

ఇవ్వకపోతే

అనుమానాలు తీరకపోతే నేరుగా తిరస్కరించరు. ముందు స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అనే పత్రం వస్తుంది. అందులో ఏ నియమం కింద, ఏ బంధువు గురించి, ఏ ఆస్తి గురించి అభ్యంతరమో అంకెలు వేసి రాస్తారు. దానికి ఒక్కొక్కదానికీ జవాబు రాయాలి. ఆస్తి విలువల పత్రాలు, బంధువుల ఉద్యోగ వివరాలు, అమెరికాలోని ఇంటి, పిల్లల, పన్నుల కాగితాలు జత చేయాలి. తర్వాత డోహా న్యాయాధికారి ముందు హాజరై చెప్పుకోవచ్చు, అప్పీలు చేసుకోవచ్చు. లాయరును పెట్టుకోవచ్చు, ఆ ఖర్చు మాత్రం సొంతం. అప్పటికీ రాకపోతే సైన్యంలోంచి తీసేయడమే దారి కాదు. క్లియరెన్స్ అక్కర్లేని పనికి మారుస్తారు, అది ఆ విభాగంలో ఖాళీలను బట్టి ఉంటుంది. ఆఫీసర్లకు ఈ వెసులుబాటు చాలా తక్కువ, వాళ్లకు కనీసం సీక్రెట్ అర్హత తప్పనిసరి.

క్లియరెన్స్ వచ్చిన సైనికుడికి భారత్ వైపు నుంచి ఇంకో కాగితం ఎదురవుతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు ఉండడం క్లియరెన్స్‌కు దానికదే అడ్డు కాదు, ఫారంలో రాస్తే సరిపోతుంది. భారత ప్రభుత్వం మాత్రం విదేశీ సైన్యాల్లో పనిచేస్తున్నవారికి, పనిచేసి రిటైరైనవారికి ఓసీఐ ఇవ్వదు. అంటే ఆ మనవడు తెనాలి రావాలంటే అమెరికాలోని సెక్యూరిటీ ఆఫీసరుకు ముందుగా తెలియజేయాలి, భారత కాన్సులేట్‌లో వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ వీసా ఫారంలోనూ సైన్యంలో పనిచేశారా అన్న గడి ఉంటుంది.